ఫిట్‌నెస్ ఉన్నా ఈతలో వెనకబడటం ఎందుకు? ట్రయాథ్లాన్ ఫ్రీస్టైల్‌లో కోచ్ చేసే పని

పది కిలోమీటర్లు ఆగకుండా పరుగెత్తగల మనిషి, సైకిల్ మీద మూడు గంటలు సునాయాసంగా గడపగల మనిషి, పూల్‌లో వంద మీటర్లు ఈదేసరికి గోడ పట్టుకుని రొప్పుతుంటాడు. పక్క లేన్‌లో అతని కంటే వయసులో పెద్దావిడ, పరుగులో అతనికి ఏమాత్రం సాటిరాని ఆవిడ, తీరిగ్గా లాప్ మీద లాప్ తిరుగుతూనే ఉంటుంది. ఈత, సైకిల్, పరుగు వరుసగా సాగే ట్రయాథ్లాన్ పోటీల వైపు కొత్తగా వచ్చినవాళ్లలో చాలామందికి ఇది అనుభవమే. స్టామినా చాలడం లేదేమో అనుకుని ఇంకా ఎక్కువ లాప్‌లు కొడతారు. నెలలు గడిచినా టైమింగ్ పెద్దగా మారదు.

ఆ తర్వాత వీడియోలు చూడటం మొదలవుతుంది. చెయ్యి పొడుగ్గా సాచి నీళ్లలో జారమని ఒకరు చెప్తారు. జారుతూ ఉంటే వేగం చచ్చిపోతుంది, చేతులు చకచకా తిప్పమని ఇంకొకరు. కాళ్లు బాగా కొట్టమని ఒకరు, సైకిల్ కోసం కాళ్లు దాచుకోమని మరొకరు. చివరికి ఒక కోచ్ దగ్గర చేరితే మొదటి నెలలో టైమింగ్ మెరుగుపడకపోగా ఇంకా దిగజారుతుంది. అక్కడ మొదలవుతుంది అసలు టెన్షన్.

ఈ సలహాల్లో చాలావరకు తప్పేమీ లేదు. ఎవరికి, ఏ లోపం ఉన్నప్పుడు పనికొస్తాయో చెప్పకుండా అందరికీ ఒకేలా చెప్పడంతోనే చిక్కు వచ్చిపడింది. ఆ చిక్కు విప్పాలంటే ముందు నీటి సంగతి చూడాలి.

బలం పెంచితే వేగం ఎందుకు పెరగదు

నీరు గాలి కంటే దాదాపు 800 రెట్లు సాంద్రమైనది. మామూలు వేగంతో పరుగెత్తేటప్పుడు గాలి అడ్డును పట్టించుకోకపోయినా పెద్ద నష్టం లేదు. ఈతలో మాత్రం ఖర్చయ్యే శక్తిలో సింహభాగం నీటి అడ్డును దాటడానికే పోతుంది. నీరు శరీరాన్ని వెనక్కి పట్టి ఆపే ఈ బలాన్ని డ్రాగ్ అంటారు. నీటి నిరోధం అనుకుందాం.

ఈ నిరోధం స్థూలంగా వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. దాన్ని అధిగమించడానికి కావలసిన పవర్ వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. ఉదాహరణకు వంద మీటర్లు 2 నిమిషాల్లో ఈదే వ్యక్తిని తీసుకుందాం. శైలి ఏమీ మార్చకుండా 10 శాతం వేగం పెంచుకోవాలంటే 1.1 × 1.1 × 1.1, అంటే 1.33 రెట్ల పవర్ కావాలి. ఇప్పుడున్నదానికి మూడో వంతు అదనం. ఇప్పటికే ఏళ్ల తరబడి పరుగు, సైకిల్ శిక్షణలో ఉన్న మనిషికి అంత పెరుగుదల దాదాపు అసాధ్యం.

పవర్‌ను అలాగే ఉంచి, నిరోధాన్ని 10 శాతం తగ్గిస్తే? అదే శ్రమకు వేగం సుమారు 3.6 శాతం పెరుగుతుంది. వంద మీటర్లు 2 నిమిషాల నుంచి 1 నిమిషం 56 సెకన్లకు వస్తాయి. 1500 మీటర్ల ఈతలో నిమిషం పైనే కలిసొస్తుంది. ఊపిరితిత్తులూ గుండే ఇంకాస్త ఎక్కువ పని చేయనక్కర్లేదు.

ఈ విషయాన్ని కొలిచి చూసినవాళ్లు ఉన్నారు. డచ్ పరిశోధకుడు హ్యూబ్ టూసాన్ 1990లో పోటీ ఈతగాళ్లనూ ట్రయాథ్లెట్లనూ పక్కపక్కన పెట్టి, చేతులతో పెట్టే పవర్‌లో ఎంత భాగం నిజంగా ముందుకు సాగడానికి పనికొస్తోందో లెక్క తీశాడు. ఈతగాళ్లలో అది 61 శాతం, ట్రయాథ్లెట్లలో 44 శాతం. మిగతాదంతా నీటిని కదిలించడంలోనే పోతోంది. చేతులు తిప్పే లయలో రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. ఒక్కో బారకు, అంటే చెయ్యి ఒకసారి తిప్పినప్పుడు, ఎంత దూరం సాగారన్న దగ్గరే తేడా వచ్చింది. ట్రయాథ్లెట్లకు ఇంజన్ లోటేమీ లేదు, దాని శక్తి నీటికి సరిగ్గా అందడం లేదు. కోచ్ పని మొదలయ్యేది ఇక్కడే.

కాళ్లు ఎందుకు మునుగుతాయి

నీటిలో పడుకున్న శరీరం మీద రెండు బలాలు పనిచేస్తాయి. భూమి కిందికి లాగే బలం బొడ్డు, తుంటి ప్రాంతంలో కేంద్రీకృతమై ఉంటుంది. నీరు పైకి నెట్టే బలం గాలి నిండిన ఊపిరితిత్తుల వల్ల అంతకంటే పైన, ఛాతీ వైపు ఉంటుంది. ఈ రెండూ ఒకే చోట లేకపోవడంతో ఛాతీ తేలుతుంది, కాళ్లు దిగుతాయి. పరుగు, సైకిల్‌తో తొడలూ పిక్కలూ గట్టిపడి, ఒంట్లో కొవ్వు తగ్గినవాళ్లకు ఇది ఇంకా ఎక్కువ. కాళ్లు ఎంత దిగితే నీటికి ఎదురయ్యే శరీర భాగం అంత పెద్దదవుతుంది, నిరోధం అంత పెరుగుతుంది.

దీనికి తోడు మనం చేసే పనులు కొన్ని ఉంటాయి. ముందేముందో చూడాలని తల ఎత్తితే తుంటి దిగుతుంది. ఊపిరి బిగబట్టి ఉంచితే ఛాతీ బెలూన్‌లా పైకి లేచి కాళ్లు ఇంకా కిందికి పోతాయి. చెయ్యి ముందుకు సాచగానే నీటిని కిందికి నొక్కితే భుజం లేస్తుంది, కాళ్లు దిగుతాయి. పరుగు అలవాటైనవాళ్లు కాళ్లు కొట్టేటప్పుడు మోకాలు బాగా మడుస్తారు. మడిచిన తొడ నీటికి ఎదురుగా నిలబడి బ్రేకు వేస్తుంది. చీలమండలు బిగుసుకుపోయి పాదం వెనక్కి వంగనివాళ్లు కాళ్లు కొడుతూ కొడుతూ ఉన్నచోటే ఉండిపోవడం, ఒక్కోసారి వెనక్కి జరగడం కూడా చూస్తాం. అది బద్ధకం వల్ల వచ్చింది కాదు, కీలు వంగకపోవడం వల్ల వచ్చింది.

ఇన్ని కారణాలు ఉన్నప్పుడు 'కాళ్లు పైకి లేపండి' అన్న సలహా ఎవరికీ ఉపయోగపడదు. కాళ్లు దిగుతున్నాయని ఈదేవాడికి సగం సందర్భాల్లో తెలియదు కూడా. తెలిసినా, ఏం చేస్తే లేస్తాయన్నది మనిషిని బట్టి మారుతుంది.

కనిపించే లోపం ఒకచోట, కారణం ఇంకోచోట

కోచ్ విలువ ఎక్కడుందో తేల్చేది ఈ విషయమే కాబట్టి దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

ఒక ఊహాత్మక ఉదాహరణ. ఒక ట్రయాథ్లెట్ కుడివైపు ఊపిరి తీసుకునే ప్రతిసారీ అతని కాళ్లు కత్తెరలా విడిపోతున్నాయి. గట్టు మీద నిలబడి చూసే ఎవరికైనా అది కనిపిస్తుంది. 'కాళ్లు దగ్గర పెట్టుకో' అంటారు. అతను ప్రయత్నిస్తాడు. రెండు లాప్‌లు బాగానే ఉంటాయి, ఊపిరి కష్టమవగానే మళ్లీ మొదటికి వస్తుంది.

అనుభవమున్న కోచ్ నీటి లోపల నుంచి, ముందు నుంచీ పక్క నుంచీ వీడియో తీసి చూస్తారు. కాళ్లు విడిపోతున్నది శరీరం ఒక పక్కకు ఒరిగిపోతుంటే ఆపుకోవడానికి. ఎందుకు ఒరుగుతోంది? ఊపిరి తీసుకునేటప్పుడు ముందుకు చాచి ఉండాల్సిన ఎడమ చెయ్యి శరీరపు మధ్య గీతను దాటి కుడివైపుకు వెళ్లిపోతోంది. ఎందుకు దాటుతోంది? అతను తలను పక్కకు తిప్పడానికి బదులు పైకి ఎత్తుతున్నాడు, ఆ ఎత్తడానికి ఆధారంగా ఎడమ చేతిని నొక్కుతున్నాడు. ఎందుకు ఎత్తుతున్నాడు? గాలి కోసం అల్లాడుతున్నాడు. ఎందుకు అల్లాడుతున్నాడు? ముఖం నీటిలో ఉన్నంతసేపు ఊపిరి బిగబడుతున్నాడు. నోరు పైకి వచ్చిన ఆ కాస్త వ్యవధిలోనే పాత గాలి వదలాలి, కొత్త గాలి పీల్చాలి. రెండూ కుదరవు.

ఊపిరి పీల్చాలన్న ఆరాటం ముఖ్యంగా ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకోవడం వల్ల వస్తుంది. ఊపిరి బిగబట్టేవాడికి ఆక్సిజన్ సరిపోయినా ఉక్కిరిబిక్కిరి అయినట్టు ఉండేది అందుకే. కాబట్టి ఈ మనిషికి మొదటి పాఠం కాళ్ల గురించి కాదు, చేతి గురించి కూడా కాదు. ముఖం నీటిలో ఉన్నంతసేపు ముక్కుతోనో నోటితోనో ఎడతెగకుండా బుడగలు వదలడం. అది కుదిరితే తల ఎత్తాల్సిన అవసరం తగ్గుతుంది, చెయ్యి తిన్నగా నిలుస్తుంది, ఒరగడం ఆగుతుంది, కాళ్ల కత్తెర చాలావరకు దానంతటదే పోతుంది.

ఇంకొకరికి కాళ్లు అచ్చం అలాగే విడిపోతుంటాయి, కారణం మాత్రం వేరు. ఆమె ఊపిరి సక్రమంగానే వదులుతోంది. కానీ 'బాగా రొటేట్ అవ్వాలి' అన్న సలహాను మరీ గట్టిగా పట్టుకుని, ప్రతి బారకూ పూర్తిగా పక్కకు తిరిగిపోతోంది. పక్కకు నిలబడ్డ శరీరం నిలకడగా ఉండదు, కాలు ఆసరా వెతుక్కుంటుంది. ఈమెకు బుడగలు వదిలే డ్రిల్, అంటే ఆ ఒక్క అంశం మీద సాధన, ఎంత చేయించినా లాభం లేదు. రొటేషన్ తగ్గించాలి.

లోపం ఒకటే, కారణాలు రెండు, చికిత్సలు రెండు. వీడియో పాఠం చేయలేనిదీ, మనిషిని చూసే కోచ్ చేయగలిగినదీ ఇదే. మంచి కోచ్ ఒకేసారి పది లోపాలు చెప్పరు. గొలుసులో మొదటి లంకెను వెతికి, దాని మీదే కొన్ని వారాలు పని చేయిస్తారు. మొదటి రోజే పెద్ద జాబితా చదివి వినిపించే కోచ్ కంటే, చాలాసేపు చూసి ఒక్క మాట చెప్పే కోచ్ మీద నాకు నమ్మకం ఎక్కువ.

ఒక్క బారలో ఏం జరుగుతుంది

బోర్లా ఉండి చేతులు ఒకదాని తర్వాత ఒకటి తిప్పుతూ ఈదే ఫ్రీస్టైల్‌లో బారను కోచ్‌లు కొన్ని దశలుగా విడదీస్తారు. చెయ్యి నీటిలోకి దిగడం ఎంట్రీ. ముందుకు సాగడం ఎక్స్‌టెన్షన్. అరచెయ్యి, ముంజెయ్యి కలిసి నీటిని వెనక్కి నెట్టే భంగిమలోకి రావడం క్యాచ్. అక్కడి నుంచి తుంటి దాకా నెట్టడం పుల్. చెయ్యి నీటి పైన తిరిగి ముందుకు రావడం రికవరీ.

వీటిలో వేగాన్ని ఎక్కువగా తేల్చేది క్యాచ్. మోచెయ్యి పైనే ఉండి, ముంజెయ్యి నిలువుగా కిందికి దిగితే మోచేతి నుంచి వేళ్ల దాకా ఉన్న భాగమంతా తెడ్డులా నీటిని వెనక్కి నెడుతుంది. హై ఎల్బో క్యాచ్ అనేది దీన్నే. కొత్తవాళ్లలో తరచూ మోచెయ్యి ముందు పడిపోయి, అరచెయ్యి మాత్రమే నీటిని తాకుతూ జారిపోతుంది. లేదా చాచిన చేత్తో నీటిని కిందికి నొక్కుతారు. నీటిని కిందికి నొక్కితే శరీరం పైకి లేస్తుంది, వెనక్కి నెడితేనే ముందుకు పోతుంది. న్యూటన్ మూడో నియమం పూల్‌లో ఇంత సూటిగా పనిచేస్తుంది.

చెయ్యి ఏ దారిన పోవాలన్నది పెద్ద చర్చ. అమెరికాలో ఇండియానా విశ్వవిద్యాలయం కోచ్, మార్క్ స్పిట్జ్‌కు శిక్షణ ఇచ్చిన జేమ్స్ కౌన్సిల్‌మన్ గొప్ప ఈతగాళ్లను నీటి అడుగు నుంచి చిత్రీకరించి చూశాడు. వాళ్ల చేతులు తిన్నగా కాక వంకర తిరుగుతూ పోవడం కనిపించింది. విమానం రెక్క మీద పుట్టే లిఫ్ట్ లాంటి బలమే ఇక్కడా పనిచేస్తోందని 1970ల ప్రారంభంలో ఆయన వాదించాడు. దాంతో ఎస్ అక్షరం ఆకారంలో చెయ్యి లాగడం చాలా కాలం పాఠంగా నడిచింది. తర్వాతి పరిశోధనలు ఆ వంకరలో కొంత శరీరం రొటేట్ అవడం వల్ల కనిపించేదేనని, ముందుకు నెట్టే బలంలో ఎక్కువ వంతు నీటిని వెనక్కి నెట్టడం నుంచే వస్తోందని చూపించాయి. ఇప్పుడు ఎక్కువమంది కోచ్‌లు తిన్నగా వెనక్కి నెట్టమనే చెప్తారు. పాత తరం దగ్గర నేర్చుకున్నవాళ్ల నోట ఎస్ ఆకారం మాట ఇంకా వినిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు.

భుజాల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. బొటనవేలు ముందుగా నీటిలో దించడం, చెయ్యి మధ్య గీత దాటడం, ఈ రెండూ కలిస్తే భుజం కీలు లోపలికి తిరిగి ప్రతి బారకూ ఒత్తిడి పడుతుంది. వేల సార్లు అదే జరిగితే నొప్పి వస్తుంది. టెక్నిక్ అంటే వేగం ఒక్కటే కాదని, వచ్చే ఏడాది కూడా ఈదగలగడమని గుర్తున్న కోచ్ దీన్ని తొందరగా సరిచేస్తారు.

జారాలా, చేతులు తిప్పాలా

వేగానికి ఒక సాదా సూత్రం ఉంది. ఒక్కో బారకు సాగే దూరాన్ని, నిమిషానికి వేసే బారలతో గుణిస్తే వేగం వస్తుంది. మొదటిది పెంచమంటుంది జారే పక్షం. రెండోది పెంచమంటుంది లయ పక్షం.

జారే పక్షానికి బాగా పేరు తెచ్చినవాడు అమెరికన్ కోచ్ టెర్రీ లాఫ్లిన్. శరీరం సమతూకంగా, పొడుగ్గా, నీటిని తక్కువగా కదిలిస్తూ ఉండాలన్నది ఆయన బోధన సారం. పెద్దయ్యాక ఈత నేర్చుకున్న ఎందరికో అది నీటి భయం పోగొట్టి, తొందరపాటు తగ్గించింది. అది చిన్న మేలేమీ కాదు. లయ పక్షం అభ్యంతరం ఏమిటంటే, చెయ్యి ముందు ఆపి ఉంచిన ప్రతి క్షణమూ శరీరం నెమ్మదిస్తుంది, మళ్లీ వేగం అందుకోవడానికి అదనపు శక్తి పెట్టాలి. అలలున్న నీటిలో అయితే ఆ విరామంలో అల వచ్చి ఆపేస్తుంది.

అంకెలు పెట్టి చూద్దాం. గోడను తన్నుకుని వచ్చే దూరాన్ని లెక్కలోంచి తీసేద్దాం. ఒకరు 50 మీటర్లు 50 బారల్లో, నిమిషానికి 50 బారల లయతో ఈదుతున్నారు. పట్టిన సమయం 60 సెకన్లు. వాళ్లు జారడం పెంచి బారలను 42కి తగ్గించారు, కానీ లయ నిమిషానికి 38కి పడిపోయింది. 42ను 38తో భాగిస్తే 1.105 నిమిషాలు, అంటే 66 సెకన్లు. బారలు తగ్గాయి, ఈత నెమ్మదించింది.

చాలా స్మార్ట్‌వాచీలు చూపించే స్వాల్ఫ్ స్కోరు ఇక్కడ తప్పుదోవ పట్టిస్తుంది. బారలూ సెకన్లూ కలిపితే వచ్చేదే స్వాల్ఫ్, తగ్గేకొద్దీ మంచిదని లెక్క. ముందు 50 ప్లస్ 60, మొత్తం 110. తర్వాత 42 ప్లస్ 66, మొత్తం 108. వాచీ మెచ్చుకుంటుంది, పోటీలో మాత్రం మనిషి వెనకబడతాడు. అదే మనిషి క్యాచ్ మెరుగుపరుచుకుని, లయ 50 దగ్గరే ఉంచి 46 బారల్లో చేరితే 55 సెకన్లు చాలు. దూరం పెరిగింది నీటిని బాగా పట్టుకోవడం వల్ల, ఆగి జారడం వల్ల కాదు.

అయితే అందరూ చకచకా తిప్పాల్సిందేనా? చరిత్ర అలా చెప్పదు. అమెరికా ఈతగత్తె జానెట్ ఎవాన్స్ చేతులు దాదాపు తిన్నగా చాచి గిరగిరా తిప్పేది. చిన్న శరీరం, విపరీతమైన లయ. ఆమె 1989లో 800 మీటర్లలో నెలకొల్పిన 8:16.22 ప్రపంచ రికార్డు 2008 దాకా చెక్కుచెదరలేదు. ఇంకో చివర చైనాకు చెందిన సున్ యాంగ్. 2012 లండన్ ఒలింపిక్స్‌లో 1500 మీటర్లను పొడవాటి, తీరికైన బారలతో 14:31.02లో పూర్తిచేశాడు. ఆ రికార్డు 2024 దాకా నిలిచింది. తర్వాత డోపింగ్ పరీక్ష నియమాల కేసులో అతను నిషేధానికి గురయ్యాడు, ఇక్కడ చూస్తున్నది బార తీరును మాత్రమే. ఎత్తు, చేతుల పొడవు, కాళ్ల బలం వేరైనప్పుడు సరైన లయ కూడా వేరవుతుంది. కోచ్ ఇక్కడ బీప్ శబ్దం చేసే చిన్న టెంపో పరికరంతో లయను కొద్దికొద్దిగా మారుస్తూ, ఏ లయ దగ్గర సమయం తగ్గుతూ శ్రమ భరించగలిగేలా ఉందో చూస్తారు. ఒకరి అంకె ఇంకొకరికి అతకదు.

కాళ్లూ శ్వాసా: రెండు చిన్న వివాదాలు

కాళ్లు కొట్టడం వల్ల దూరపు ఈతలో వచ్చే తోపు చేతులతో పోలిస్తే తక్కువ, అది తాగే ఆక్సిజన్ ఎక్కువ. అందుకే చాలామంది ట్రయాథ్లెట్లు రెండు చేతుల బారకు రెండుసార్లే కాళ్లు కొడతారు. దీన్ని టూ బీట్ కిక్ అంటారు. పొట్టి దూరపు ఈతగాళ్లది సిక్స్ బీట్. కానీ కాళ్లను పూర్తిగా వదిలేస్తే తుంటి దిగి, ఆదా చేసిన దానికంటే ఎక్కువ నష్టపోవచ్చు. ఎప్పుడూ కాళ్ల మధ్య పుల్ బాయ్, అంటే కాళ్లను తేల్చి ఉంచే ఫోమ్ ముక్క, పెట్టుకుని ఈదేవాళ్లకు ఈ సమస్య పోటీ రోజు దాకా బయటపడదు.

శ్వాస విషయంలో ప్రతి మూడు బారలకు ఒకసారి, రెండు వైపులా తీసుకోవాలన్నది ఒక వాదన. దానివల్ల బార రెండు పక్కలా సమానంగా ఉంటుంది. ప్రతి రెండు బారలకు ఒకే వైపు తీసుకుంటే గాలి ఎక్కువ అందుతుందన్నది ఇంకో వాదన, పోటీలో చాలామంది చేసేదీ అదే. నాకు సబబుగా తోచేది శిక్షణలో రెండు వైపులా అలవాటు చేసుకోవడం. పోటీలో అలలు ఒక పక్క నుంచి ముఖాన కొడుతుంటే రెండో వైపు తిరగగలగడం ఎంత అవసరమో అప్పుడు తెలుస్తుంది.

కోచ్ చెప్పాక టైమింగ్ ఎందుకు దిగజారుతుంది

పాత బార ఎంత లోపభూయిష్టమైనా శరీరానికి అలవాటైపోయింది, ఆలోచన అక్కర్లేకుండా నడిచిపోతుంది. కొత్తది నేర్చుకునేటప్పుడు ప్రతి కదలికనూ బుద్ధిపెట్టి చేయాలి. లయ తప్పుతుంది, ఇంతవరకు వాడని కండరాలు త్వరగా అలుస్తాయి. మొదటి వారాల్లో వేగం తగ్గడం దాదాపు అందరికీ ఎదురయ్యేదే. మంచి కోచ్ ఈ సంగతి ముందే చెప్తారు. అలాగని నెలల తరబడి ఏ కొలతలోనూ మార్పు కనబడకపోతే, దాన్ని 'నేర్చుకునే దశ' అని సర్దుకోవడం సరికాదు. గొలుసులో తప్పు లంకెను పట్టుకున్నారేమో అని అడగాల్సిన సమయం అది.

రెండో చిక్కు మన అనుభూతి మనల్ని మోసం చేయడం. చెయ్యి మధ్య గీత దాటే అలవాటున్న వ్యక్తిని చేతులు తిన్నగా పెట్టమంటే, గడియారంలో పది, రెండు అంకెలు ఉండే వైపులకు చాచినట్టు అతనికి అనిపిస్తుంది. వీడియోలో చూస్తే సరిగ్గా భుజం ఎదురుగా ఉంటాయి. బయటి కన్ను లేకుండా అతను రెండు రోజుల్లో పాత చోటికే వెళ్లిపోతాడు, ఎందుకంటే అతని మెదడుకు అదే తిన్నన. నీటి అడుగు వీడియో ఇంతగా పనికొచ్చేది ఈ కారణానికి కూడా.

మాట ఎలా చెప్పారన్నదీ తేడా తెస్తుంది. కదలికలు నేర్చుకోవడంపై గాబ్రియెలె వుల్ఫ్ వంటి పరిశోధకులు చేసిన పనిలో పదేపదే తేలిన విషయం, తన అవయవం మీద కంటే ఆ కదలిక ఫలితం మీద దృష్టి పెట్టినప్పుడు మనిషి మెరుగ్గా చేస్తాడని. ఫ్రీస్టైల్ మీద చేసిన ప్రయోగంలో కూడా 'చెయ్యి వెనక్కి లాగు' అన్న సూచన కంటే 'నీటిని వెనక్కి నెట్టు' అన్న సూచన విన్నవాళ్లు వేగంగా ఈదారు. పైకి ఒకటే అనిపించే ఈ రెండు మాటల్లో ఏది వాడాలో ఎంచుకోవడం కోచింగ్‌లో పెద్ద భాగం. కొందరికి మాట, కొందరికి ప్రదర్శన, కొందరికి పిడికిలి బిగించి ఈదే డ్రిల్ లాంటిది దారి చూపిస్తుంది. పిడికిలి డ్రిల్‌లో అరచెయ్యి పనిచేయదు కాబట్టి ముంజెయ్యి నీటిని పట్టడం దానంతటదే నేర్చుకుంటుంది.

గట్టు మీద కోచ్ అందుబాటులో లేనివాళ్లు వీడియో పంపి దూరం నుంచి విశ్లేషణ చేయించుకుంటారు. కారణాల గొలుసు పట్టడానికి అది చాలావరకు సరిపోతుంది. చెప్పింది అమలవుతోందో లేదో అప్పటికప్పుడు చూసి సరిచేయడం మాత్రం దూరం నుంచి కుదరదు.

టెక్నిక్ ముందా, లాప్‌లు ముందా

ట్రయాథ్లాన్‌లో ఈత అతి చిన్న భాగం, దానికి ఇంత సమయం దేనికి అనేవాళ్ల వాదనలో బలం ఉంది. ఒలింపిక్ దూరంలో 1.5 కిలోమీటర్ల ఈత తర్వాత 40 కిలోమీటర్ల సైకిల్, 10 కిలోమీటర్ల పరుగు ఉంటాయి. వంద మీటర్లకు 2:10 నుంచి 1:55కు రావడానికి ఎంతో శ్రమ పడితే, 1500 మీటర్లలో మిగిలేది 3 నిమిషాల 45 సెకన్లు. అంత సమయాన్ని సైకిల్ మీద ఇంతకంటే సులువుగా సంపాదించవచ్చని కొందరు కోచ్‌లే అంటారు.

రెండో పక్షం గడియారం కాకుండా శరీరం వైపు చూడమంటుంది. ఈత పోటీలో మొదటి అంకం. అక్కడ ఆయాసపడి ఒడ్డుకు చేరినవాడు సైకిల్ మొదటి అరగంట కోలుకోవడానికే ఖర్చుపెడతాడు. పూర్తి దూరపు పోటీలో 3.8 కిలోమీటర్ల ఈతకు సాధారణంగా 2 గంటల 20 నిమిషాల గడువు ఉంటుంది, అంటే వంద మీటర్లకు సుమారు 3:41. బలహీనంగా ఈదేవాళ్లకు ఆ గడువే పెద్ద భయం. నా దృష్టిలో ఈ రెండు వాదనలూ వేర్వేరు మనుషుల గురించి. ఇప్పటికే 1:40లో హాయిగా ఈదేవాళ్లకు మొదటిది, గోడ పట్టుకుని రొప్పేవాళ్లకు రెండోది వర్తిస్తుంది.

టెక్నిక్ కుదిరేదాకా దూరం ఈదకూడదన్న మాట కూడా వినిపిస్తుంది. అలసటలో తప్పు కదలిక ఇంకా గట్టిపడుతుందన్నది దాని ఆధారం. అది నిజమే, కానీ డ్రిల్స్‌లోనే మిగిలిపోతే అలసిన శరీరంతో ఆ బారను నిలబెట్టుకోవడం ఎప్పటికీ రాదు. అందుకే చాలామంది కోచ్‌లు రెండూ కలిపి, మొదట్లో డ్రిల్ పాలు ఎక్కువగా, పోటీ దగ్గరపడేకొద్దీ ఈత పాలు ఎక్కువగా పెడతారు.

పూల్ దాటాక మారేవి

చెరువులోనో సముద్రంలోనో అడుగున నల్ల గీత ఉండదు. చేతుల్లో ఒకటి బలంగా, ఒకటి బలహీనంగా లాగితే మనిషి వంకరగా పోతాడు, ఎక్కువ దూరం ఈదుతాడు. దిశ చూసుకోవడానికి కొన్ని బారలకొకసారి కళ్లు మాత్రమే నీటి పైకి వచ్చేలా తల ఎత్తడాన్ని సైటింగ్ అంటారు. తల ఎక్కువ ఎత్తితే కాళ్లు దిగుతాయి, పాత సమస్య తిరిగి వస్తుంది. ఇంకొకరి పాదాల వెనకే ఈదడం, అంటే డ్రాఫ్టింగ్, ఈతలో నిబంధనలకు లోబడినదే. శ్రమను బాగా తగ్గిస్తుంది, నేర్చుకోవాల్సిన నైపుణ్యమే అది.

చల్లని నీటిలో వేసుకునే వెట్‌సూట్ గరిష్ఠంగా 5 మిల్లీమీటర్ల మందం ఉండవచ్చు, నీటి ఉష్ణోగ్రతను బట్టే దానికి అనుమతి ఇస్తారు. అది కాళ్లను తేలుస్తుంది కాబట్టి మునిగే కాళ్లున్నవాళ్లకు ఎక్కువ లాభం చేస్తుంది. దాని మీదే ఆధారపడి సాధన చేసినవాళ్లకు, నీరు వెచ్చగా ఉందని పోటీ రోజు ఉదయం సూట్ నిషేధిస్తే కష్టమే.

మెరుగుపడ్డామని ఎలా తెలుస్తుంది

కోచ్‌లు ఎక్కువగా వాడే కొలత క్రిటికల్ స్విమ్ స్పీడ్, పొట్టిగా సీఎస్ఎస్. ఎక్కువసేపు నిలబెట్టుకోగల వేగానికి ఇది అంచనా. 400 మీటర్లు, 200 మీటర్లు విడివిడిగా పూర్తి శక్తితో ఈది, మొదటి సమయంలోంచి రెండోది తీసేసి రెండుతో భాగిస్తారు. 400కు 8:40, 200కు 4:08 పట్టిందనుకుందాం. తేడా 272 సెకన్లు, సగం 136. వంద మీటర్లకు 2:16.

పన్నెండు వారాల తర్వాత అదే వ్యక్తికి 8:04, 3:52 వస్తే తేడా 252 సెకన్లు, సీఎస్ఎస్ 2:06. స్పష్టమైన మెరుగుదల. కానీ 400 సమయం 8:40 దగ్గరే ఉండి, 200 మాత్రం 3:58కి తగ్గిందనుకోండి. తేడా 282 సెకన్లు, సీఎస్ఎస్ 2:21. వేగం పెరిగినా అంకె దిగజారినట్టు కనిపిస్తుంది. కొత్త బార 200 మీటర్ల దాకా నిలుస్తోంది, ఆ తర్వాత కూలిపోతోంది అనడానికి అది సూచన. మొదటి 200లో వేగం మరీ ఎక్కువ పెట్టేశారా అన్నదీ చూడాల్సిందే.

అప్పుడు కోచ్ 400 మీటర్లలో ప్రతి 50 మీటర్లకూ బారలు లెక్కపెడతారు. మొదట్లో 48 ఉన్నవి చివర 55కు పెరిగితే, అలసటలో మోచెయ్యి పడిపోతోందో, కాళ్లు దిగుతున్నాయో వీడియో చూపిస్తుంది. ఆ తర్వాతి వారాల సెట్లు దాని చుట్టూ తయారవుతాయి. సీఎస్ఎస్ వేగంతో 100 మీటర్లు, పదిహేను ఇరవై సెకన్ల విరామం, మళ్లీ 100. బారల లెక్క రెండు మూడుకు మించి పెరిగితే ఆ రోజుకు ఆ సెట్ అక్కడితో ఆపేస్తారు.